విదేశీ సాంకేతిక సదస్సుకు తొలి ప్రయాణం: హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

విదేశంలో జరిగే పెద్ద సాంకేతిక సదస్సుకు మొదటిసారి బయలుదేరేవారు సాధారణంగా ముందు విమాన టికెట్ల ధరలు చూస్తారు, ఆ తర్వాత హోటల్ వెతుకుతారు, ఆపైన వీసా కోసం కంగారు పడతారు. అక్కడ ఎవరిని కలిసి ఏం మాట్లాడాలన్న ఆలోచన విమానం ఎక్కాక గానీ రాదు. ఈ వరుసను తిరగేయాలి. చాలా సదస్సుల ఉపన్యాసాలు కొన్నాళ్లకు యూట్యూబ్‌లోకి ఉచితంగా వచ్చేస్తున్నప్పుడు, లక్షల రూపాయలు, వారం పది రోజుల సెలవు వెచ్చించి వెళ్లేది కేవలం వాటిని వినడానికి కాదు. మనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌ను రాసినవారితో, మన సమస్యనే మరో దేశంలో ఎదుర్కొంటున్నవారితో ముఖాముఖి మాట్లాడటానికి. కనుక ఎవరిని కలవాలో ముందు తేల్చుకుని, మిగతా ఏర్పాట్లన్నీ దానికి తగ్గట్టు చేసుకోవాలి.

1. సదస్సును ఎంచుకోవడం

పెద్ద సదస్సులన్నీ ఒకే తరహావి కావు. ఏటా జనవరిలో లాస్ వెగాస్‌లో జరిగే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సీఈఎస్, బార్సిలోనాలో జరిగే మొబైల్ వరల్డ్ కాంగ్రెస్, దుబాయ్‌లో జరిగే జైటెక్స్ ప్రధానంగా వ్యాపార ప్రదర్శనలు. ఉత్పత్తులు అమ్మేవారికి, కొనేవారికి, పెట్టుబడులు వెతుక్కునే స్టార్టప్‌లకు అవి సరైన చోట్లు. 2025లో బార్సిలోనా కాంగ్రెస్‌కు లక్ష మందికి పైగా హాజరయ్యారు. అంత జనంలో ముందే సమయం అడిగి పెట్టుకోకపోతే ఎవరినైనా కలవడం దాదాపు అసాధ్యం. అమెజాన్ క్లౌడ్ విభాగమైన అమెజాన్ వెబ్ సర్వీసెస్ నిర్వహించే రీ:ఇన్వెంట్ వంటివి రెండో తరహా. అక్కడంతా ఆ ఒక్క కంపెనీ వేదిక చుట్టూ తిరుగుతుంది, పైగా సమావేశాలు లాస్ వెగాస్‌లోని పలు హోటళ్లలో విస్తరించి ఉంటాయి కాబట్టి ఒక గది నుంచి మరో గదికి వెళ్లడానికే చాలా సమయం పడుతుంది.

మూడో తరహావి సాఫ్ట్‌వేర్ రాసేవారు, వాడేవారు కలిసిన సముదాయాలు నడిపేవి. కుబర్నెటీస్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ చుట్టూ జరిగే కుబ్‌కాన్, పైతాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవారి పైకాన్ యూఎస్, యూరోపైతాన్ ఈ కోవలోకి వస్తాయి. బ్రసెల్స్‌లో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఏటా చలికాలంలో ఒక శని, ఆదివారాలు జరిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సదస్సు ఫాస్‌డెమ్‌కు టికెట్ లేదు, నమోదు కూడా లేదు. నేరుగా లోపలికి నడిచి వెళ్లవచ్చు. అయితే నమోదు లేని చోట వీసా ఫైల్లో చూపడానికి నమోదు పత్రం కూడా ఉండదని గుర్తుంచుకోవాలి. సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీరుకు మొదటి ప్రయాణంగా ఈ మూడో తరహానే నా సిఫారసు, ఎందుకంటే కోడ్ రాసినవారు, దాన్ని వాడేవారు ఒకే వరుసలో నిలబడి కాఫీ తాగేది అక్కడే.

పాస్‌పోర్ట్ బయటకు తీసే ముందు ఇంటి దగ్గరే సాధన చేయడం మంచిది. 2025 ఆగస్టు 6, 7 తేదీల్లో కుబ్‌కాన్ ఇండియా మన హైదరాబాద్ హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలోనే జరిగింది. పైకాన్ఫ్ హైదరాబాద్ అనే పైతాన్ సదస్సు, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో వారాంతాల్లో జరిగే మీటప్‌లు కూడా ఇందుకు పనికొస్తాయి. అపరిచితుడి దగ్గరికి వెళ్లి పరిచయం చేసుకోవడం, ప్రశ్న అడగడానికి మైకు అందుకోవడం ఇక్కడ అలవాటైతే అక్కడ గొంతు తడబడదు.

2. ఖర్చు ఎవరు భరిస్తారు?

సంస్థ భరిస్తే అన్నింటికన్నా మేలు. మేనేజరును అడిగేటప్పుడు "నేర్చుకుంటాను" అంటే చాలదు. మీ బృందాన్ని ఇప్పుడు వేధిస్తున్న ఒక సమస్య, దానిపై పనిచేస్తున్నవారిలో ఆ సదస్సుకు వచ్చే నలుగురు, తిరిగొచ్చాక మీరు బృందానికి ఇవ్వబోయే ప్రదర్శన, మొత్తం ఖర్చు అంచనా — ఈ నాలుగూ ఒక పేజీలో రాసి ఇస్తే చర్చ డబ్బు దగ్గర ఆగకుండా పని వైపు మళ్లుతుంది.

సంస్థ ఇవ్వకపోతే సదస్సులే ఇచ్చే సాయాలున్నాయి. పైకాన్ యూఎస్‌కు ప్రయాణ సహాయ నిధి ఉంది. కుబ్‌కాన్‌కు డాన్ కోన్ పేరిట స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. ఆయన కుబ్‌కాన్‌ను నిర్వహించే క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌కు సారథ్యం వహించి 2020లో మరణించారు. వీటి గడువులు సదస్సుకు నెలల ముందే ముగుస్తాయి. కొన్ని నిధులు ప్రయాణం పూర్తయ్యాక రసీదులు చూపితేనే డబ్బు చెల్లిస్తాయి గనుక, ముందుగా పెట్టుబడి మన చేతి నుంచే పెట్టాల్సి వస్తుందేమో నిబంధనలు చదివి తెలుసుకోండి. దరఖాస్తులో పేదరికాన్ని వర్ణించడం కన్నా, మీరు ఇప్పటికే ఆ ప్రాజెక్టుకు చేసిన చిన్న సాయాన్ని, సరిదిద్దిన ఒక డాక్యుమెంటేషన్ పేజీనైనా సరే, లింకుతో చూపడం ఎక్కువ బలాన్నిస్తుంది.

3. పేరు, పాస్‌పోర్ట్

ఈ అంశం చిన్నదిగా కనిపిస్తుంది గానీ తెలుగువారికి ప్రత్యేకంగా తలనొప్పి తెచ్చేది ఇదే. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, మరో చోట పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. దీని ఫలితం దేశానికో రకంగా ఉంటుంది. అలాంటి పాస్‌పోర్ట్‌పై అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని అచ్చవుతుంది. ఒకే ఒక్క పేరు ఉన్న పాస్‌పోర్ట్‌తో సందర్శక వీసాపై రావడానికి యూఏఈ 2022 నవంబరులో ఆంక్షలు తెచ్చింది. సదస్సుకు ఏడెనిమిది నెలల ముందే పాస్‌పోర్ట్ తెరిచి ఈ గడులు చూసుకుంటే, మార్పు అవసరమైనా పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లి తాపీగా చేయించుకోవచ్చు.

విమాన టికెట్, బీమా, హోటల్, సదస్సు నమోదు, ఆహ్వాన పత్రం అన్నింటిలో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మెడలో వేసుకునే బ్యాడ్జి మీద ఏ పేరు రావాలో నమోదు ఫారంలో చాలాచోట్ల విడిగా అడుగుతారు. అక్కడ మాత్రం నలుగురూ మిమ్మల్ని పిలిచే పేరే ఇవ్వండి. అక్కడివారు ఇంటిపేరుతో పిలిస్తే మీరు వెనక్కి తిరిగి చూడరు.

4. వీసా

సదస్సుకు టికెట్ కొన్న రోజే వీసా ఆహ్వాన పత్రం కోసం నిర్వాహకులకు దరఖాస్తు పెట్టండి. చాలా సదస్సులు పూర్తి రుసుము చెల్లించినవారికే ఈ పత్రం ఇస్తాయి. వీసా రాకపోతే టికెట్ డబ్బు తిరిగి ఇస్తారా, ఏ తేదీలోగా చెప్పాలి అన్నది చెల్లించే ముందే చదవాలి.

యూరప్‌లో ఒకే వీసా చెల్లే షెంజెన్ దేశాలకైతే ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందు చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల వరకు పోవచ్చు. అసలు ఇబ్బంది అపాయింట్‌మెంట్ దొరకడంలో ఉంది కాబట్టి మూడు నెలల ముందే ఫైలు సిద్ధంగా ఉండాలి. పెద్దలకు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. సేవా కేంద్రం రుసుము దీనికి అదనం. పాస్‌పోర్ట్ గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, షెంజెన్ విడిచే తేదీ తర్వాత మరో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు, మీరు అక్కడుండే ప్రతి రోజుకూ వర్తించాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. బ్రసెల్స్‌లో రెండు రోజుల సదస్సు చూసి పారిస్‌లో ఐదు రోజులు తిరగాలనుకుంటే, ప్రయాణ కారణం సదస్సని రాసి ఫ్రాన్స్‌కు దరఖాస్తు పెడితే ఫైలు అధికారికి అనుమానాలు కలిగిస్తుంది. మొదటిసారి సదస్సు జరిగే దేశంలోనే ఎక్కువ రోజులు ఉండేలా ప్రణాళిక వేసుకోవడం క్షేమం.

హైదరాబాద్‌లోని వీసా కేంద్రాలు ఫైలు తీసుకుని వేలిముద్రలు నమోదు చేస్తాయి. నిర్ణయం మాత్రం ఆయా కాన్సులేట్లదే. మిమ్మల్ని చూడని ఒక అధికారి మీ కాగితాలు మాత్రమే చూసి తేలుస్తారు కాబట్టి, పైన పెట్టే లేఖ మీద శ్రద్ధ పెట్టాలి. ఒక్క పేజీ చాలు. మొదటి పేరాలో మీరెవరు, ఎక్కడ ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు; రెండో పేరాలో సదస్సు పేరు, తేదీలు, అది మీ ఉద్యోగానికి ఎందుకు అవసరం; మూడో పేరాలో రోజువారీగా ఏ ఊళ్లో ఎక్కడ బస; నాలుగో పేరాలో ఖర్చు ఎవరిది, ఆధారం ఏది; చివర తిరిగొచ్చే తేదీ, ఏ రోజు డ్యూటీలో చేరతారు. సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ)లోని సెలవు తేదీలు, హోటల్ బుకింగ్ తేదీలు, బీమా తేదీలు ఈ లేఖతో సరిపోలాలి. బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, ఐటీఆర్ జతచేయాలి. దరఖాస్తుకు వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన పెద్ద మొత్తం సాయం చేయకపోగా ప్రశ్నలు లేపుతుంది. ఏజెంట్లు చూపే అడ్డదారి కాగితాలు ఏవీ ముట్టుకోకండి. ఒక్క నకిలీ పత్రం రాబోయే ఏళ్ల ప్రయాణాలన్నిటికీ అడ్డుపడుతుంది.

అమెరికాకైతే సదస్సుకు హాజరు కావడం బీ1 (వ్యాపార సందర్శక) వీసా పరిధిలోకి వస్తుంది. మామూలుగా బీ1, పర్యాటకులకిచ్చే బీ2 కలిపి ఇస్తారు. డీఎస్-160 ఫారం నింపి, 185 డాలర్ల రుసుము చెల్లించి, వేలిముద్రలకు ఒక అపాయింట్‌మెంట్, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు మరొకటి తీసుకోవాలి. ఇంటర్వ్యూ తేదీ కోసం నిరీక్షణ ఒక్కోసారి చాలా నెలలు సాగుతుంది గనుక అమెరికా సదస్సును వచ్చే ఏడాదికి అనుకుంటే ఈ ఏడాదే మొదలుపెట్టాలి. కిటికీ దగ్గర మాట్లాడే వ్యవధి రెండు మూడు నిమిషాలే. ఎందుకు వెళ్తున్నారని అడిగితే సదస్సు పేరు, ఊరు, రోజులు, మీ పనితో దాని సంబంధం రెండు వాక్యాల్లో చెప్పి ఆగాలి. అడగని కాగితాలు ముందుకు నెట్టకూడదు, కంఠస్థం చేసిన ఉపన్యాసం అప్పజెప్పకూడదు.

మధ్యలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా అవసరమేమో టికెట్ కొనే ముందే చూడండి. దుబాయ్, దోహాల్లో విమానాశ్రయం దాటకుండా మారేవారికి అది అక్కర్లేదు; లండన్ మీదుగా వెళ్లేవారు నిబంధనలు తప్పనిసరిగా సరిచూసుకోవాలి.

5. టికెట్లు, బస

వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగల బుకింగులే ఉంచండి. శంషాబాద్ నుంచి లండన్ వంటి కొన్ని యూరప్ నగరాలకు నేరుగా విమానాలున్నాయి. మిగతా చోట్లకు గల్ఫ్ నగరాల మీదుగా వెళ్లడం సులువు. సదస్సుకు ఒక పూర్తి రోజు ముందు చేరేలా చూసుకోవాలి, అమెరికాకైతే రెండు రోజులు. చలికాలంలో బార్సిలోనా మనకన్నా నాలుగున్నర గంటలు, లాస్ వెగాస్ పదమూడున్నర గంటలు వెనక ఉంటాయి. రెండో సందర్భంలో మన అర్ధరాత్రి అక్కడ ఉదయం పదిన్నర.

వేదిక పక్కనే హోటల్ దొరక్కపోతే బాధపడనక్కర్లేదు. వేదికకు నేరుగా వెళ్లే మెట్రో లైను మీద కాస్త దూరంలో తీసుకుంటే డబ్బు మిగులుతుంది. బార్సిలోనాలో విమానాశ్రయాన్ని, ఫిరా గ్రాన్ వియా వేదికను కలిపేది ఎల్9 దక్షిణ లైను. నగరంలో వాడే పది ప్రయాణాల టికెట్ విమానాశ్రయ స్టేషన్లలో చెల్లదు, దానికి విడిగా టికెట్ కొనాలి. ఆ నగరంలో జేబుదొంగల బెడద ఉంది కాబట్టి మెట్రోలో పాస్‌పోర్ట్ లోపలి జేబులో ఉండాలి.

6. డబ్బు, ఫోను, సామాను

2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డులు స్వదేశీ వినియోగానికే తెరిచి ఇస్తారు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వినియోగాన్ని మీరే ఆన్ చేసి పరిమితి పెట్టాలి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు వేర్వేరు సంచుల్లో ఉంచుకోండి. అక్కడి దుకాణంలో యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. రూపాయల్లోకి మార్చే రేటు మనకు నష్టంగానే ఉంటుంది. డేటా కోసం ఈసిమ్ (ఫోన్లోనే అమరే డిజిటల్ సిమ్) తీసుకున్నా, మన సిమ్‌లో రోమింగ్ తెరిచి ఉంచాలి, లేకపోతే బ్యాంకు ఓటీపీలు రావు.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్లు మించకూడదు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు అవుతుంది కాబట్టి సరిపోతుంది. ఇళ్లలో అమ్మలు ప్రేమగా కట్టిచ్చే డబ్బాల విషయంలో జాగ్రత్త అవసరం. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషిద్ధం. అంటే చికెన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి ఇక్కడే వదిలేయాలి. ఆవకాయను గట్టిగా మూసి చెక్-ఇన్ సామానులో పెట్టవచ్చు. అమెరికాలో దిగేటప్పుడు తెచ్చిన ఆహారాన్ని తప్పకుండా ప్రకటించాలి. కారప్పొడి, వేయించిన అటుకులు ఎక్కడైనా శాకాహారులను ఆదుకుంటాయి.

7. మనుషుల కోసం సిద్ధపడటం

కార్యక్రమాల పట్టిక వెలువడగానే మొత్తం చదవండి. రికార్డు చేసే ఉపన్యాసాలను పక్కన పెట్టి, రికార్డు కానివాటికి ప్రాధాన్యం ఇవ్వండి: వర్క్‌షాపులు, ప్రాజెక్టు నిర్వాహకులతో ముచ్చట్లు, ఒకే అంశంపై ఆసక్తి ఉన్నవారు గుండ్రంగా కూర్చునే చిన్న సమావేశాలు. రోజుకు మూడు చాలు. మిగతా సమయం ఖాళీగా ఉంచడం వృథా కాదు, మీరు వెళ్తున్నదే అందుకు.

ఆ తర్వాత ఎనిమిది పది మంది పేర్లు రాసుకోండి. వారు రాసిన కోడ్, వ్యాసాలు, కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్‌లో చేసిన చర్చలు చదవండి. సదస్సుకు రెండు మూడు వారాల ముందు ఒక్కొక్కరికి విడివిడిగా చిన్న సందేశం పంపండి. "మిమ్మల్ని కలవాలని ఉంది, మీ మార్గదర్శనం కావాలి" అని రాస్తే జవాబు రాదు. అదే ఇలా రాస్తే వస్తుంది: "నేను హైదరాబాద్‌లో ఒక చెల్లింపుల సంస్థలో పనిచేస్తున్నాను. పండగ సేల్ రాత్రి రద్దీ ఒక్కసారిగా పెరిగినప్పుడు మా కుబర్నెటీస్ క్లస్టర్‌లో కొత్త నోడ్లు ఆలస్యంగా వస్తున్నాయి. మీరు పోయినసారి చర్చలో సూచించిన పద్ధతి ప్రయత్నించాం, సగం దూరం పనిచేసింది. రెండో రోజు భోజన విరామంలో పదిహేను నిమిషాలు వీలవుతుందా?" ఇందులో పొగడ్త లేదు, ఒక సమస్య, చేసిన ప్రయత్నం, స్పష్టమైన సమయం ఉన్నాయి. అందరూ స్పందించకపోవచ్చు, ముగ్గురు ఒప్పుకున్నా ప్రయాణం సార్థకమే.

సంస్థ వివరాల్లో ఏవి బయట చెప్పవచ్చో, ఏవి చెప్పకూడదో మేనేజరుతో ముందే మాట్లాడుకోండి. కస్టమర్ల పేర్లు, ఇంకా విడుదల కాని ఉత్పత్తులు మాటల వేడిలో జారిపోతే తిరిగి తీసుకోలేం.

8. సదస్సు రోజుల్లో

వీలుంటే ముందు రోజు సాయంత్రమే వెళ్లి బ్యాడ్జి తీసుకోండి. పాస్‌పోర్ట్ అడుగుతారు. పాత, అలవాటైన బూట్లు వేసుకోండి, రోజంతా నడకే.

మనకు వయసులో పెద్దవారిని, పేరున్నవారిని "సార్" అనడం అలవాటు. అక్కడ ఎంత పెద్దవారినైనా మొదటి పేరుతోనే పిలుస్తారు, వారూ దాన్నే ఇష్టపడతారు. "సార్" అనగానే సంభాషణలో ఒక మెట్టు ఎత్తు వచ్చి చేరుతుంది, సాటి ఇంజినీరుగా ప్రశ్న అడగడం కష్టమవుతుంది.

గుంపులో చేరడం ఎలాగన్నది అందరినీ భయపెట్టే విషయం. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ను ఆన్‌లైన్‌లో ఉంచే రీడ్ ద డాక్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎరిక్ హోల్షర్ ప్రచారంలోకి తెచ్చిన ప్యాక్-మ్యాన్ నియమం చాలా సదస్సుల్లో ఆచరణలో ఉంది: నలుగురు నిలబడి మాట్లాడుకునేటప్పుడు పూర్తి వలయం కట్టకుండా ఒకరు పట్టేంత ఖాళీ ఉంచాలి, ఎవరైనా వచ్చి చేరితే మళ్లీ కాస్త జరగాలి. అలాంటి ఖాళీ కనిపిస్తే అది మీకోసమే. వెళ్లి నిలబడి, ఒకటి రెండు నిమిషాలు విని, మాట ఆగినప్పుడు పేరు చెప్పి ఒక ప్రశ్న అడగండి. మీరు ఉన్న గుంపులోనూ ఆ ఖాళీ ఉంచండి.

ఎంత పెద్ద సదస్సుకు వెళ్లినా తెలుగు వినిపిస్తుంది. పరాయి ఊళ్లో మన భాష వినగానే ప్రాణం లేచొస్తుంది, ఆ పరిచయాలు నిజంగా ఉపయోగపడతాయి కూడా. గది పంచుకోవడానికి, అన్నం దొరికే చోటు తెలుసుకోవడానికి, కాస్త ఒంట్లో బాగోలేకపోతే తోడుకు. అయితే మూడు రోజులూ ఆ నలుగురితోనే గడిచిపోకుండా, రాత్రి భోజనం వారితో, పగలు కొత్తవారితో అని ఏర్పాటు చేసుకోండి.

ప్రదర్శన స్టాళ్లలో బ్యాడ్జి స్కాన్ చేయించుకోవడమంటే మీ వివరాలు ఆ కంపెనీ అమ్మకాల విభాగానికి ఇవ్వడమే. టీషర్టు కోసం అందరికీ ఇవ్వనవసరం లేదు. ఇంజినీర్లు ఎప్పుడు స్టాల్‌లో ఉంటారని అడిగి ఆ సమయానికి వెళ్తే అసలు విషయం దొరుకుతుంది. ఫోటో తీసే ముందు అనుమతి అడగాలి. ప్రవర్తనా నియమావళిని ముందే చదవాలి. మీకు ఎవరి వల్లనైనా ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో అందులో ఉంటుంది.

రోజూ రాత్రి నిద్రపోయే ముందు పావుగంట కూర్చుని ఎవరిని కలిశారు, ఏం మాట్లాడారు, ఏం పంపుతామని మాటిచ్చారు అన్నది రాయండి. మరుసటి రోజుకు ముఖాలు గుర్తుంటాయి గానీ మాటలు కలిసిపోతాయి.

9. తిరిగొచ్చాక

మాటిచ్చిన లింకు, కోడ్, పరిచయం వారం లోపల పంపండి. "కలవడం సంతోషం" అన్న ఒక్క వాక్యం కన్నా, వారు చెప్పిన సూచన ప్రయత్నిస్తే ఏమైందో రాసిన నాలుగు వాక్యాలు ఆ పరిచయాన్ని నిలబెడతాయి. రసీదులు, బోర్డింగ్ పాస్‌లు స్కాన్ చేసి దాచండి, రీయింబర్స్‌మెంట్‌కు అడుగుతారు. షెంజెన్ వీసాను నియమాల ప్రకారం వాడిన రికార్డు కూడా విలువైనదే: 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం తెచ్చిన మార్పు ప్రకారం, మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడినవారికి రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా ఇచ్చే వీలుంది.

బృందానికి ఇస్తామన్న ప్రదర్శన నెల తిరగకముందే ఇవ్వండి, అదే ప్రదర్శనను ఊళ్లోని ఒక మీటప్‌లోనూ చేయండి. అక్కడ వచ్చిన ప్రశ్నలను బట్టి దాన్ని మెరుగుపరిస్తే వచ్చే ఏడాది అదే సదస్సుకు వక్తగా పంపగల ప్రతిపాదన తయారవుతుంది. ప్రతిపాదనల గడువు సదస్సుకు చాలా నెలల ముందే ముగుస్తుంది. ఎంపికైన వక్తలకు ప్రవేశ రుసుము మినహాయించే సదస్సులు చాలా ఉన్నాయి, కొన్ని ప్రయాణ ఖర్చులోనూ సాయం చేస్తాయి. ఇంటికి చేరిన వారంలోనే ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.